నువ్వెందుకు దిగినవ్ రా?

ఆయన దినం నాడు ఇంటి ముందు వేసిన కుర్చీల వెనక వేరే టెంట్‌హౌస్ పేరు రాసి ఉంది. ఆర్మూర్‌లో సగం పెళ్లిళ్లకూ సగం చావులకూ కుర్చీలు, షామియానాలు పంపిన మనిషి ఆయన. ఆ రోజు ఆయన సామానంతా పెర్కిట్ దిక్కు ఏదో పెళ్లికి పోయిందట. ముందే ఒప్పుకున్న పెళ్లి, మాట తప్పితే బాగుండదని ఇంట్లోవాళ్లే పంపించారట. అందుకని పోటీ దుకాణం కుర్చీలో కూర్చుని ఆయన కోసం బాధపడాల్సి వచ్చింది నాకు. బతికున్నప్పుడు ఆ కుర్చీలు ఎక్కడ కనిపించినా "గవి గూడ కుర్చీలేనా? కూసుంటె నడుములు ఇర్గుతయి" అనేవాడు. నేను జాగ్రత్తగానే కూర్చున్నాను.

పేరు రాయను. టెంటు మీద తప్ప ఇంకెక్కడా తన పేరు కనపడటం ఆయనకు నచ్చేది కాదు. మేమంతా 'అన్నా' అనేవాళ్లం.

మేమంతా అంటే పెద్ద గుంపేమీ కాదు. రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తాగా పనిచేసే నేను, మందుల దుకాణం రాజేందర్, హైస్కూల్లో లెక్కలు చెప్పే సారు, అన్న. మా అడ్తికి పసుపు సీజన్లో ఐతారం తప్ప సెలవు ఉండదు. ఆ ఐతారం పొద్దున్నే పాత బస్టాండు దగ్గరి చాయ్ హోటల్ ముందు నలుగురం సైకిళ్లతో కలుసుకునేవాళ్లం. చాయ్ తాగి నందిపేట్ తొవ్వ పట్టేవాళ్లం. దీనికి సారు పెట్టిన పేరు ట్రైనింగు. సారు మెడలో ఒక ఈల వేలాడేది. ఆయన ఈల వేస్తే జోరుగా తొక్కాలి, మళ్లీ వేస్తే మెల్లగా తొక్కాలి. ఏ ఈల దేనికో రెండో ఐతారానికే మాకు గందరగోళమైంది. సారుకు మాత్రం ఎప్పుడూ కాలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం మనిషి.

ఈ ట్రైనింగు ఎందుకంటే, ఆ ఏడు మా ఊరి యువజన సంఘంవాళ్లు సైకిల్ పందెం పెడతామన్నారు. ఆర్మూర్‌లో మొదలై నందిపేట్ బస్టాండులో ఆఖరు. మొదట వచ్చినవాడికి గేర్ల సైకిలు. సైకిలు సంగతి అటుంచండి, నాకు నందిపేట్ ముఖ్యం. అది మా అత్తగారి ఊరు.

మా మామ పసుపు పండించే రైతు. పెళ్లైన కొత్తలోనే నా మీద ఒక అభిప్రాయానికి వచ్చేశాడు. "అడ్తిల కూసోని కాంట జూసుడేనా అల్లుడా, ఇంకేమన్న ఉన్నదా?" అని నలుగురిలో అడిగేవాడు. మా ఇంట్లో నేను మూడోవాణ్ణి. బడిలో కూడా మూడో వరుసే. ఏ విషయంలోనూ మొదటివాడిగా ఎవరూ నన్ను పిలవలేదు. ఆ నెలల్లో నా భార్య పురిటికి పుట్టింట్లోనే ఉంది. వాళ్ల ఊరి బస్టాండులో, మామ చూస్తుండగా, మైకులో నా పేరు మొదట చదవాలని నాకు గట్టి పట్టుదల పుట్టింది. చిన్న కోరికే. ఆ వయసులో చిన్నదిగా అనిపించలేదు.

అన్న పందేనికి పేరు ఇవ్వలేదు. "నా పొట్టను గుంజుకపోనీకె ఇంకో సైకిల్ గావాలె" అనేవాడు. మరి ప్రతి ఐతారం ఎందుకు వచ్చేవాడు? అదీ నాకు తెలియదు. ఆయన గురించి నేను రాయబోయే వాటిలో సగం నాకు తెలియనివే. ముందే చెప్పేస్తున్నాను.

ఆయనది కడ్డీ ఉన్న నల్ల పాత సైకిలు. వెనక క్యారియర్ మీద టెంటు తాడు చుట్ట ఒకటి ఎప్పుడూ ఉండేది. తెల్ల చొక్కా, చేతులు మోచేతుల దాకా మడత, మెడలో దస్తీ. ఎవరైనా పిలిస్తే కళ్లు తిప్పి చూసేవాడు కాదు. కోడి చూసినట్టు మెడ మొత్తం తిప్పేవాడు. హోటల్లో చాయ్ గ్లాసు కింద పెట్టేముందు చిటికెన వేలు బల్లకు తాకించి, తర్వాత గ్లాసు దించేవాడు. ఎక్కడ టెంటు వేసినా, పని అయిపోయాక ప్రతి గుంజనూ అరచేత్తో ఒకసారి తడిమి వచ్చేవాడు. ఆయన గుంజల్ని దీవిస్తున్నాడని మేము నవ్వుకునేవాళ్లం.

సైకిళ్ల మీద ఆయన పెట్టిన షరతు ఒకటే.

"నా ఎడమ దిక్కుకు మాత్రం రాకుర్రి."

"ఎందుకే అన్నా?" అని అడిగితే ఒకసారి "ఎడమ దిక్కు నాకు అచ్చిరాదు" అన్నాడు. ఇంకోసారి "లారీలొస్తె మిమ్ముల నేను కాపాడాలె గద, గందుకే మీరు కుడి దిక్కుండుర్రి" అన్నాడు. లారీలు వచ్చేదే కుడి పక్క నుంచి! సారు దీనికి వాస్తు చెప్పాడు. రాజేందర్ మందుల దుకాణం మనిషి కాబట్టి "అన్నకు ఎడమ చెవు వినవడదు, చెప్పనీకె నామోషి" అని తేల్చాడు. నాకైతే ఆయనకు కొంచెం పెద్దరికం ఎక్కువనిపించింది. ఒకే మనిషి మీద ముగ్గురం మూడు తీర్పులు రాసి పెట్టుకుని, ముగ్గురం ఆయన కుడి పక్కనే తొక్కేవాళ్లం.

ఇక పసుపు సంగతి.

మాఘం దాటాక మా దిక్కు రోడ్లు చూసినవాళ్లకు తెలుసు. ఉడకబెట్టిన పసుపును కళ్లాల్లో ఆరబోస్తారు. కళ్లం చాలనివాళ్లు రోడ్డు మీద పోస్తారు. నందిపేట్ తొవ్వలో ఒక ఊరు దాటగానే, పోయేటప్పుడు మన ఎడమ పక్కకు వచ్చే సగం రోడ్డంతా చాలా దూరం పసుపు కొమ్ములు పరిచి ఉండేవి. చివరన రాళ్లు వరసగా పేర్చేవారు. బస్సులు, ఆటోలు మిగిలిన సగంలోంచి పోయేవి. ఆ ఉడికిన పసుపు వాసన మన చొక్కాకు పట్టి మధ్యాహ్నం దాకా పోదు.

మొదటి ఐతారం అక్కడికి రాగానే అన్న సైకిలు దిగాడు. చెప్పులు తీసి క్యారియర్ మీది తాడులో దోపాడు. సైకిలు తోసుకుంటూ, పసుపు పక్కనుంచి వట్టి కాళ్లతో నడిచాడు. మేము ముగ్గురం ముందుకు పోయి, వెనక్కి చూసి, ఏమైందోనని ఆగాం. చివరి రాయి దాటాక ఆయన చెప్పులు వేసుకుని మళ్లీ ఎక్కాడు.

"ఏమైందే అన్నా? చైను వడ్డదా?"

"ఏం లే. పోర్రి."

రెండో ఐతారం మళ్లీ దిగాడు. ఈసారి ఆయనతో పాటు సారు కూడా దిగాడు. పెద్దమనిషి దిగితే తాను తొక్కుకుంటూ పోవడం మర్యాద కాదని సారుకు తోచింది. సారు దిగాక రాజేందర్ దిగాడు. నేనొక్కణ్ణే సైకిలు మీద కూర్చుని ఏం చేయను? నేనూ దిగాను. నలుగురం వరసగా చెప్పులు చేతపట్టుకుని పసుపు పక్కన నడుస్తుంటే, కొమ్ములు తిప్పుతున్న ఆడవాళ్లు పని ఆపి చూశారు. "ఏం మొక్కు బిడ్డా?" అని ఒకామె అడిగింది కూడా. సారు నిలబడి ఆమెకు "భక్తి కాదమ్మా, మర్యాద" అని చెప్పాడు. అన్న ఆగకుండా ముందుకు నడిచాడు. అలా ఆ సీజనంతా మేము పసుపు దగ్గర దిగి నడిచే మనుషులమైపోయాం.

కారణం అడగకపోలేదు. అడిగాం, చాలాసార్లు. "పెండ్లిల ముఖానికి రాసేది గదే గదా తమ్మీ, దాని పక్కకెల్లి టైరు దుమ్ము లేపుకుంట పోతమా?" అన్నాడు ఒక రోజు. నాకది ఎంతో నచ్చింది. పసుపు మీద బతికే అడ్తివాణ్ణి కదా, సిగ్గు కూడా వేసింది. మరో వారం రాజేందర్ అడిగితే "కొమ్ము టైరు కింద వడ్డదనుకో, జారి మూతి వలుగుతది. నీ దుకాణంల మందు నీకే వెట్టుకోవాలె" అన్నాడు. సారుకు మూడో కారణం చెప్పాడు. "కాళ్లకు జర ఆరాం సార్." మా సారు దాన్ని ట్రైనింగులో కలిపేసి, పసుపు దగ్గర ఈల వేయడం మొదలుపెట్టాడు. మూడు కారణాల్లో ఏది నిజమో అప్పుడూ తెలియలేదు. మూడూ నిజమే అయి ఉండొచ్చుననుకుని ఊరుకున్నాను.

ఆయన నాకు అర్థం కాని సందర్భం అంతకుముందే ఒకటుంది, నా పెళ్లిలో. టెంటు ఆయనదే. ముందు రోజు తెల్లారుజామునే వచ్చి పందిరి వేయించాడు. రాత్రి నాతో ఎంతో సరదాగా ఉన్నాడు, అల్లుడి మర్యాదలంటూ ఏడిపించాడు. పొద్దున నన్ను పెళ్లికొడుకును చేసి బాజాలతో బయటికి తీసుకొస్తుంటే ఆయన సరిగ్గా గుమ్మానికి ఎదురుగా నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వుతాడనుకున్నాను. ఆయన టక్కున వెనక్కి తిరిగి, పందిరి గుంజకు ముఖం ఆనించినట్టుగా నిలబడి, కట్టిన తాడునే మళ్లీ కట్టసాగాడు. నేను పక్కనుంచి పోయేదాకా తిరగలేదు. తర్వాత వంటల దిక్కు పోయాడు. తలంబ్రాలప్పుడు వెతికినా కనపడలేదు. నాకు మనసు కష్టమైంది. ఏం తప్పు చేశానబ్బా అని రెండు రోజులు కొట్టుకుంది. మూడో రోజు హోటల్లో కలిసి ఏమీ జరగనట్టే "ఏమయ్యా పెండ్లికొడుకా!" అని వీపు మీద చరిచాడు. అడుగుదామని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

పందెం రోజు వచ్చింది. జనం బాగానే వచ్చారు. డిచ్‌పల్లి దిక్కునుంచి వచ్చిన ఇద్దరు పిల్లల పిక్కలు చూసి రాజేందర్ అక్కడికక్కడే తన గెలుపు మీద ఆశ వదులుకున్నాడు. అన్న సంఘంవాళ్లకు నీళ్ల డ్రమ్ములు, గ్లాసులు ఇచ్చాడు. "తొవ్వల నీళ్లు నేనే పోస్త" అని ముందే లారీలో పోయాడు. ఎక్కడ నిలబడతాడో నాకు చెప్పలేదు.

ఆ రోజు నా కాళ్లకు ఏమైందో తెలియదు. ఇప్పటికీ ఆశ్చర్యమే. సగం దూరం దాటేసరికి నేను ముందున్నాను. డిచ్‌పల్లి పిల్లలిద్దరూ వెనక పడ్డారు, వాళ్ల చైన్ల చప్పుడు కూడా వినపడటం లేదు. నందిపేట్ బస్టాండు, మైకు, మామ ముఖం, కడుపుతో నిలబడిన నా భార్య, అన్నీ కళ్ల ముందు కనపడుతున్నాయి. ఆ ఊరు దాటాను. పసుపు వచ్చింది.

పసుపు పక్కన నీళ్ల డ్రమ్ము. డ్రమ్ము పక్కన అన్న.

నేను దిగాను.

ఎవరూ నమ్మరు కానీ ఆలోచించి దిగలేదు. పసుపు కనపడింది, అన్న కనపడ్డాడు, కాలు కింద పడింది. చెప్పులు కూడా తీశాను. చెప్పులు తీస్తూ తలెత్తి చూస్తే అన్న ముఖం తెల్లబోయి ఉంది. చేతిలో గ్లాసు వంగి నీళ్లన్నీ ఆయన కాళ్ల మీదే పడుతున్నాయి.

"ఏందిరా? ఏం జేస్తున్నవ్? పో! పో రా!"

అప్పటికే చైన్ల చప్పుడు వినపడింది. డిచ్‌పల్లి పిల్లలిద్దరూ ఖాళీగా ఉన్న సగం రోడ్డు మీంచి, మమ్మల్ని వింతగా చూస్తూ వెళ్లిపోయారు. అన్న పరుగెత్తుకొచ్చి నా సైకిలు సీటు పట్టుకుని తోశాడు. నేను చెప్పులు వదిలేసి ఎక్కి తొక్కాను. అందలేదు. మూడోవాడిగా చేరాను. బడిలో, ఇంట్లో, నందిపేట్‌లో, అన్నింట్లో మూడే!

కాసేపటికి సారు, రాజేందర్ వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ చెప్పులున్నాయి. వాళ్లూ దిగారట! సారైతే ఈల కూడా వేశాడట. వెనక వస్తున్న వేరే ఊళ్లవాళ్లు ఆర్మూరోళ్లకు ఇక్కడేదో ఆచారం ఉందనుకుని వాళ్లలో కొందరు కూడా దిగబోయారట. ఈ కథ వారం రోజులు మా బజారులో తిరిగింది. అడ్తికి వచ్చిన ప్రతి రైతూ "పసుపుకు దండం వెట్టినోడు గీయననేనా?" అని అడిగి, నన్ను చూసి, నవ్వి మరీ కాంటా దగ్గరికి పోయాడు.

మామ మాత్రం ఆ రోజు నవ్వలేదు. విషయం విని, చాలాసేపు నన్నే చూసి, "ఆగమైనవ్ గని, మంచిగనే జేసినవ్ తీయ్" అన్నాడు. అది మెచ్చుకోవడమో జాలిపడటమో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత మాత్రం కాంటా మాట మళ్లీ ఎత్తలేదు.

అన్న డ్రమ్ములు లారీలో వేయించుకుని నందిపేట్ వచ్చాడు. నా చెప్పులు తెచ్చాడు. బస్టాండు వెనక గోడ పక్కకు నన్ను తీసుకుపోయి, రెండు భుజాలూ పట్టుకుని అడిగాడు.

"నువ్వెందుకు దిగినవ్ రా?"

నాకు కోపం వచ్చింది. "నువ్వే గదనే దిగుమన్నవ్!"

"నేనా? నేనెన్నడన్న దిగుమన్ననా? నేను దిగుతుంటి. మీరు దిగుతుండ్రి. నేనంటె దిగుత, నాకు దిగాలె. నువ్వెందుకు దిగినవ్ రా?"

జ్ఞాపకంలో వెనక్కి వెళ్లి తడుముకున్నాను. నిజమే. ఆయన ఒక్కసారి కూడా మాకు దిగమని చెప్పలేదు. మొదటి రోజు "పోర్రి" అనే అన్నాడు. మరి నేను ఏం చెప్పాలి? ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను వదిలేసి గోడవైపు తిరిగి, "నేను ఆడ ఎదురుంగ నిలవడకుంటె అయిపోవు. నాదే తప్పు. నాదే" అన్నాడు.

తనను చూసి నేను దిగానని బాధపడుతున్నాడనుకున్నాను. "పోనియ్యి అన్నా, సైకిలే గదా" అన్నాను. సైకిలు కాదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

ఆ తర్వాత ట్రైనింగు లేదు. పందెమే అయిపోయాక దేనికి ట్రైనింగు? పెళ్లిళ్ల సీజను రావడంతో అన్న పనిలో పడ్డాడు. రాజేందర్ మోకాళ్లు నొప్పన్నాడు. సారు ఒక్కడే కొన్ని ఐతారాలు ఈల వేసుకుంటూ తిరిగి, ఆయనా మానేశాడు. అన్న బజారులో కలిస్తే చాయ్ తాగేవాళ్లం. ఆ సంగతి ఎత్తేవాడు కాదు. నాకు కొడుకు పుట్టినప్పుడు వాడి బారసాలకు టెంటు ఊరికే వేస్తానని పంపాడు. తాను మాత్రం రాలేదు. అట్లా ఏళ్లు గడిచాయి. పోయిన నెలలో, పొద్దున్నే లారీలోంచి సామాను దించుతుండగా గుండె పట్టుకుని కూలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

దినం నాడు ఆ పోటీ కుర్చీలో కూర్చున్న నాకు ఆయన బిడ్డ నీళ్లు తెచ్చిచ్చింది. ఇంటర్ చదువుతుంది. తండ్రి ముక్కే. నేను, సారు, రాజేందర్ ఒక వరసలో ఉన్నాం. ఎప్పటిలా అన్న కబుర్లే. సైకిళ్లు, పసుపు, పందెం. సారు "మీ బాపు మాకు పంటను గౌరవించుడు నేర్పిండు బిడ్డా" అని గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల తెల్లబోయి చూసింది.

"గదేం లేదు సార్. బాపుకు ఎడమ కన్ను కనిపియ్యది గదా. మీకు తెల్వదా?"

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

"చిన్నప్పుడే జెరమొచ్చి పోయిందట. సూడనీకె మంచిగనే ఉండె గని సూపు లేదు. సైకిల్ మీద ఎడమ దిక్కు రాళ్లు, గుంతలు ఏం తెల్వకపోతుండె. గందుకే దిగి నడుస్తుండె."

"మాకు ఎన్నడు జెప్పలేదు తల్లీ" అన్నాడు రాజేందర్. చెవి డాక్టర్ తీర్పు ఇచ్చినవాడు కదా, వాడి గొంతు చాలా చిన్నదైపోయింది.

"ఎవ్వరికి జెప్పలే కాకా. ఒంటికన్నోడు ఎదురొస్తె అపశకునం అంటరు గదా. గా ముచ్చట తెలిస్తె పెండ్లిళ్లకు టెంటు ఎవలు జెప్తరు? మా నానమ్మ ఒట్టు వెట్టిచ్చుకున్నదట. పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల బయటికొస్తుంటె బాపు ముఖం తిప్పుకుంటుండె. ఎవలకన్న ఏమన్న అయితె నాదే పాపం అని భయపడుతుండె. పిచ్చోడు."

పిచ్చోడు అని ఆమె ప్రేమగానే అంది. అని, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

చిటికెన వేలు, కోడి మెడ, గుంజల మీద అరచేయి, ఎడమ దిక్కు షరతు, అన్నీ ఒక్కసారిగా చోటు మారి కూర్చున్నాయి. నా పెళ్లిలో ఆయన గుంజకు ముఖం ఆనించి నిలబడింది నా మీద కోపంతో కాదు, నాకేమీ కాకూడదని. బారసాలకు రానిది కూడా అందుకే కావచ్చు. నందిపేట్ గోడ పక్కన ఆయన "ఎదురుంగ నిలవడకుంటె" అన్న మాట ఇప్పుడు వేరే మాటైపోయింది. నేను ఓడిపోయింది తన కంటి వల్లనేనని ఆయన అనుకున్నాడు. అట్లా అనుకుంటూనే పోయాడు. ఇది తట్టుకోవడం నా వల్ల కావడం లేదు.

తిరిగొస్తూ ముగ్గురం చాయ్ హోటల్లో ఆగాం. సారు చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత నెమ్మదిగా, "అయితే అది మర్యాద కాదన్న మాట" అన్నాడు.

"మరి చెప్పులెందుకు ఇడుస్తుండె సార్?" అన్నాను. "కన్ను కనపడకపోతే దిగాలె. చెప్పులు ఇడవాలెనా?"

సారు ఆలోచించాడు. "కాలికి తెలుస్తది గద, రాయేదో కొమ్మేదో" అన్నాడు. అది కూడా నిజమే కావచ్చు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు రాజేందర్‌కు ఒక లెక్క తట్టింది. మంచి లెక్కే. పోయేటప్పుడు పసుపు మన ఎడమ పక్కన ఉంటుంది. వచ్చేటప్పుడు మన సగం రోడ్డు ఖాళీ. పసుపు కుడి పక్కన, అవతలి సగంలో ఉంటుంది. కనపడే కన్ను దిక్కు. అప్పుడు దిగాల్సిన పనే లేదు. మరి వచ్చేటప్పుడు కూడా అన్న దిగేవాడా? దిగితే అది పసుపు కోసం. దిగకపోతే కంటి కోసం.

ముగ్గురం ఆలోచించాం. రాజేందర్ "దిగుతుండె, నాకు మంచిగ యాదికుంది" అన్నాడు. సారు "అసలు వచ్చేటప్పుడు ఆయన మనతో ఎక్కడున్నాడు? పెండ్లి పని ఉందని సైకిలు ఆటో మీద ఎక్కించుకుని ముందే పోయేవాడు కదా" అన్నాడు. అదీ నిజమే, కొన్ని ఐతారాలు అలా పోయాడు. మరి మాతోనే తిరిగొచ్చిన ఐతారాలు? నాకు ఎండలో ఆయన వట్టి కాళ్లతో నడవడం కనపడుతుంది. పక్కన పసుపు కనపడుతుంది. అది ఆయనకు ఏ పక్కన ఉందో ఎంత ఆలోచించినా తేలదు. ఒకసారి ఎడమకు వస్తుంది, ఒకసారి కుడికి వస్తుంది. ఒక సీజనంతా పక్కపక్కన నడిచాం, ఈ ఒక్క సంగతి ముగ్గురిలో ఒక్కడూ చూసి పెట్టుకోలేదు.

తర్వాతి ఐతారం నేనొక్కణ్ణే సైకిలు తీశాను. అత్తగారింట్లో పని ఉందని చెప్పాను. అబద్ధం కాదు, మా వాడు అమ్మమ్మ ఇంట్లో ఉన్నాడు, తీసుకురావాలి అన్నారు. తీసుకురాలేదు, అది వేరే సంగతి.

ఆ ఊరు దాటగానే అదే చోట పసుపు పోసి ఉంది. ఆగి, ఎడమ కన్ను మూసుకున్నాను. రోడ్డు ఎట్లా కనపడుతుందో చూద్దామని. నా ముక్కు అడ్డం వచ్చి పసుపు అంచు సగం మాయమైంది. ఎక్కి తొక్కాను. రాళ్లు ఎంత దూరంలో ఉన్నాయో తెలియలేదు, ముందు చక్రం ఒక రాయికి తగిలి సైకిలు వంకర తిరిగింది. భయం వేసి దిగాను. ఆయనకు ప్రతి ఐతారం ఇట్లాగే ఉండేదన్న మాట. మమ్మల్ని నవ్విస్తూ, పొట్ట మీద జోకులు వేస్తూ, ఇంత భయాన్ని సైకిలు మీద మోసుకొచ్చేవాడన్న మాట. ఏం కావాలని వచ్చేవాడు? టెంటు వేసే చోట ముఖం తిప్పుకుని బతికే మనిషికి, ముఖం తిప్పుకోనక్కర్లేని ముగ్గురు దొరికారని వచ్చేవాడేమో. ఇది కూడా నా ఊహే. తప్పై ఉండొచ్చు.

మధ్యాహ్నం తిరుగు తొవ్వ పట్టాను. మళ్లీ పసుపు వచ్చింది. ఇప్పుడు నా సగం రోడ్డు ఖాళీగా, నున్నగా ఉంది. పసుపు కుడి పక్కన, అవతల. నా రెండు కళ్లూ బాగానే ఉన్నాయి, రెండూ తెరిచే ఉన్నాయి. పందెం లేదు. వెనక చైన్ల చప్పుడు లేదు. డ్రమ్ము పక్కన ఎవరూ లేరు.

దిగాను. చెప్పులు తీసి క్యారియర్‌లో పెట్టాను. రోడ్డు కాలుతోంది.

పసుపు తిప్పుతున్న ముసలామె తలెత్తింది. "గిటు మొత్తం కాళీనే ఉన్నది గద బిడ్డా. ఎందుకు దిగినవ్?"

అదే ప్రశ్న. ఇన్నేళ్లకు ఈసారి జవాబు నోట్లోనే ఉంది. వినాల్సిన మనిషికి చెప్పలేకపోయాను, ఆమెకే చెప్పాను.

"మా అన్న దిగుతుండె అవ్వా."

"గట్లనా" అని, ఆమె నా దారికి అడ్డం దొర్లిన కొమ్మొకటి కాలితో పక్కకు జరిపింది.